ఆఫీసువారి మావయ్య

ప్రభుత్వ కంప్యూటర్లలో సోషల్ మీడియా వాడకం మీద మా శాఖలో ఒక సర్క్యులర్ ఉంది. అందులో తొమ్మిది నిబంధనలు. ఆఫీసు సిస్టంలో సొంత ఫేస్‌బుక్ తెరవరాదు, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి అంటించరాదు, ఇలాంటివి ఎనిమిది. వాటిని పైవాళ్ళు ఎక్కణ్ణించో తెచ్చి అతికించారు. ఏడోది మాత్రం నా సొంత రచన. 'ప్రజల ఫిర్యాదులకు జవాబిచ్చునప్పుడు బంధుత్వ సూచకములైన సంబోధనలు వాడరాదు.' చదివినవాళ్ళందరూ నవ్వారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో నేను రాసిన వాక్యాల్లో జనం చివరిదాకా చదివింది అదొక్కటే. అది ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్తాను.

నా పేరు చలపతిరావు. ఇల్లు గుడివాడలో, ఉద్యోగం బందరులో. సూపరింటెండెంటుని. రోజూ బస్సులో పోయి బస్సులో వస్తాను కాబట్టి ఓపిక ఎక్కువని అందరూ అనుకుంటారు. అది తప్పు. నాది చిరాకు స్వభావం, బయటికి కనపడదంతే.

రెండేళ్ళ కిందట మా పెద్ద ఆఫీసరు గారికి ప్రతి చిన్న ఆఫీసుకీ ఒక ఫేస్‌బుక్ పేజీ ఉండాలనిపించింది. ప్రజలు అందులో ఫిర్యాదు పెడతారు, ఇరవై నాలుగు గంటల్లో జవాబివ్వాలి. ఆ జవాబు కూడా మేమే తయారుచేసి పంపాం. 'మీ ఫిర్యాదు సంబంధిత అధికారులకు పంపబడినది.' సంబంధిత అధికారి ఆ జవాబు పెట్టేవాడే అయినా సరే, అదే వాక్యం. రెండేళ్ళూ ఏ గొడవా లేకుండా గడిచింది.

దివిసీమలో మురుగుకాలవల పని చూసే ఆఫీసు ఒకటుంది. పేరు ఎందుకు లెండి. మొన్న వానాకాలంలో అక్కడి రైతు పిచ్చేశ్వరరావు గారు ఆ ఆఫీసు పేజీలో ఒక ఫొటో పెట్టారు. కాలవ నిండా గుర్రపు డెక్క, గట్టు పక్కన మునిగిన వరిచేను. కింద ఇలా రాశారు: 'కాలవలో డెక్క తీయించామని మీరు ఫొటో పెట్టారు. ఇదిగో మీరు తీయించిన కాలవ. నా చేలో నీళ్ళు మోకాలి లోతున్నాయి.'

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఆఫీసు పేజీ నుంచి జవాబొచ్చింది.

'నిజమే మావయ్యా. ఈ ఏడు తీయలేదు. మేం పెట్టింది పోయినేడాది ఫొటో.'

ప్రభుత్వం ఒక రైతుని మావయ్యా అని పిలవడం, పైగా నిజం చెప్పడం, రెండూ ఒకేసారి జరిగేసరికి జనానికి పండగైంది. పిచ్చేశ్వరరావు గారు వెంటనే కింద రాశారు: 'నిజం చెప్పావు అల్లుడూ. నువ్వెవరివో గానీ ఆదివారం భోజనానికి ఇంటికి రా.' మా వైపు నిజంగా పిలిచేవాళ్ళు ఇలాగే రోజు చెప్పి పిలుస్తారు. ఎప్పుడైనా రండి అన్నారంటే రావద్దని అర్థం.

నలభై నిమిషాలకి ఆ జవాబు పేజీలోంచి మాయమైంది. ఈలోగా దాని ఫొటోలు బందరు చేరి, జిల్లా దాటి, మా పెద్ద ఆఫీసరు గారి తోడల్లుడి ఫోను దాకా వెళ్ళాయి. నాలుగో రోజున కాలవలోకి పొక్లెయిన్ దిగింది. వారం తిరక్కుండా నీళ్ళు లాగేశాయి. చేను బతికింది. ఇంతవరకూ అంతా బాగానే ఉంది కదా. కానీ విచారణకి ఆర్డరు వేశారు. పాత ఫొటో పెట్టింది ఎవరని కాదు. పాత ఫొటో అని చెప్పింది ఎవరని. విచారణాధికారిని నేను.

పులిగడ్డ దాటి ఆ ఆఫీసుకి చేరేసరికి పదకొండయింది. రెండు గదులు, ఒక కంప్యూటరు. దాని అంచున పాస్‌వర్డ్ రాసిన చీటీ అంటించి ఉంది. దారిన పోయే మేకకి చదువొస్తే అది కూడా పేజీ తెరవగలదు. జవాబు ఆ కంప్యూటరు నుంచే వెళ్ళిందని మా సాంకేతిక విభాగం వాళ్ళు తేల్చారు. కొట్టిన వేళ్ళు ఎవరివో మెషీనుకి తెలియదు.

ఆ రోజు ఆ వేళకి ఆఫీసులో ఉన్నది ముగ్గురు. ఏఈ హేమంత్, లస్కరు అంకమ్మరావు, డేటా ఎంట్రీ ఆపరేటరు నిస్సీ. హేమంత్‌కి ముప్ఫయ్యేళ్ళుంటాయి. పాత ఫొటో పెట్టమన్నది అతనే. అంకమ్మరావు కాలవగట్ల మీద తిరిగి నీటిమట్టాలు చూసి చెప్పే మనిషి. నిస్సీది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, ఏజెన్సీ ద్వారా వచ్చింది. ఆ ఊరి పిల్లే. తండ్రి జ్ఞానయ్య నడుం పడిపోయి రెండేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. ఇల్లు ఆ పిల్ల జీతం మీద నడుస్తోంది.

హేమంత్ నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"ఇందులో విచారించడానికి ఏముందండీ? కంప్యూటర్ దగ్గర కూర్చునేది తనే కదా. ఏజెన్సీకి ఒక్క ఫోన్ కొడితే రేపట్నుంచి ఇంకో అమ్మాయి వస్తుంది. మీకూ శ్రమ తప్పుతుంది."

"తను రాయడం మీరు చూశారా?"

"చూడలేదనుకోండి. కానీ మనం పర్మనెంటు వాళ్ళం, మన మీదికి వస్తే మెమోలు, ఛార్జిషీట్లు, ఏళ్ళ తరబడి సాగుతుంది. తనకైతే ఏమీ ఉండదు."

తనకైతే ఏమీ ఉండదు. నిజమే, ఉద్యోగం కూడా ఉండదు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద జాలితో కాదు, అబద్ధం ఎందుకు? అడ్డదారి చూపించి నా చేత నడిపిద్దామనుకున్నందుకు. ఆ మంటలోనే నాకొక ఆలోచన తట్టింది.

మా డెల్టాలో కొత్తవాడు బస్సులో పక్క సీట్లో కూర్చుంటే రెండు ఊళ్ళు దాటేలోపు బాబాయో బావో అయిపోతాడు. కానీ ఆ ధారాళానికి హద్దుంది. ఊళ్ళో ఏ వీధి వాళ్ళు ఎవర్ని వరసపెట్టి పిలవొచ్చో, ఎవరు 'అండీ' దగ్గరే ఆగిపోవాలో అక్కడ పుట్టి పెరిగిన ప్రతివాడికీ తెలుసు. కాగితం మీద ఎక్కడా ఉండదు, తప్పడం కూడా ఉండదు. నిస్సీ వాళ్ళది చర్చి వీధి. ఆ వీధి నుంచి పిచ్చేశ్వరరావు గారిని మావయ్యా అనే మనిషి ఉండడు. అంటే రాసింది ఆ పిల్ల కాదు. వేలిముద్రల కంటే గట్టి సాక్ష్యం. నన్ను నేను మెచ్చుకుంటూ పిచ్చేశ్వరరావు గారింటికి బయల్దేరాను.

గేటు తీసి ఆయనే ఎదురొచ్చారు. హాల్లో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు.

"ఏ ఊరండీ మీది?"

"గుడివాడలో ఉంటున్నానండీ."

"అది సరే, అసలూరు?"

"తోట్లవల్లూరు."

"తోట్లవల్లూరా! మా మేనత్తనిచ్చింది అక్కడేనండీ!" అని ఇంటిపేరు అడిగారు, మా పెదనాన్న పేరడిగారు, వేళ్ళ మీద ఏదో లెక్కేశారు. "ఇంకేం, మీరు నాకు బావగారవుతారు."

కాఫీ చల్లారేలోపే నేను ఆయనకి బావనయ్యాను. భోజనం చేసి వెళ్ళాల్సిందే అన్నారు. ఆయన భార్య భానుమతి గారు కొసరి కొసరి వడ్డించారు. వడ్డిస్తున్నంతసేపూ నన్ను అన్నయ్యగారూ అన్నారు. ఆ ఇంట్లో నేను అడుగుపెట్టి గంట కూడా కాలేదు.

తింటూ అడిగాను. "ఆ ఆఫీసులో మిమ్మల్ని మావయ్యా అనేదెవరండీ?"

"అదే నాకూ తేలలేదు బావగారూ. అంకమ్మరావు బాబాయ్ అంటాడు. ఏఈ గారు పేరు పెట్టి గారూ అంటారు. మా వాళ్ళ కుర్రాడెవడో ఆఫీసుకి పని మీద వెళ్ళి రాసుంటాడని అనుకుంటున్నా. ఎవడైతేనేం, మగాడు. ఆదివారం ఎదురుచూశాం, భోజనానికి మాత్రం రాలేదు."

"ఆపరేటరు అమ్మాయి మిమ్మల్ని ఏమంటుంది?"

"నిస్సీనా? మా జ్ఞానయ్య కూతురు. మా హాసినితో కలిసి చదువుకుంది. 'అండీ' తప్ప ఇంకో మాట రాదు. నోటీసు తెచ్చినా గేటు దగ్గరే ఇచ్చి వెళ్ళిపోతుంది. చాలా పద్ధతి గల పిల్ల."

ఆ మాట నాకప్పుడు మెప్పుగానే వినిపించింది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. చేతులు కడుక్కుని, తాంబూలం వేసుకుని ఆఫీసుకి తిరిగొచ్చాను.

ముగ్గురి తరఫునా మూడు స్టేట్‌మెంట్లు రాశాను. మూడింటిలోనూ వాక్యం ఒకటే. 'సదరు ఫిర్యాదుదారును మావయ్యా అని పిలిచే వరస నాకు లేదు.' దీన్నిబట్టి బయటి వ్యక్తి ఎవరో వచ్చి, అంటించి ఉన్న పాస్‌వర్డ్ చూసి, ఈ పని చేసినట్టు తేలుతుంది. ఎవరి ఉద్యోగమూ పోదు. కర్ర విరగదు, పామూ చావదు. ప్రభుత్వంలో ఇంతకంటే మంచి విచారణ ఉండదు.

హేమంత్ చదివి ఊపిరి పీల్చుకుని సంతకం పెట్టాడు. అంకమ్మరావు చదివించుకుని విని, "నాకున్నది బాబాయ్ వరసేనండీ, అది కూడా రాయండి," అని పెట్టాడు. ఇద్దరూ బయటికి వెళ్ళారు. నిస్సీ కాగితం పట్టుకుని అక్కడే నిలబడింది.

"సార్, ఒక మాట మార్చాలండీ."

"ఏ మాట?"

"'వరస నాకు లేదు' అన్నారు కదండీ. 'నేను పిలవను' అని రాయండి. పెడతాను."

"రెండూ ఒకటేనమ్మా."

"ఒకటి కాదండీ."

నా చిరాకు బయటపడింది. "అమ్మా, మీ ఏఈ నిన్ను ఇవాళే పంపించేద్దామన్నాడు. నిన్ను కాపాడుతున్నది ఈ వాక్యం ఒక్కటే. ఊళ్ళో ఎవర్నడిగినా ఇది నిజమనే చెప్తారు. సంతకం పెట్టు."

"తెలుసండీ. కానీ అది రాసింది నేనే."

కిటికీ బయట అంకమ్మరావు మోటారుసైకిలు స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ చప్పుడు పోయాక అడిగాను.

"ఎందుకు రాశావు?"

"మా నాన్న ఇరవయ్యేళ్ళు పనిచేసిన చేనండీ అది. ఫొటోలో మునిగిపోయి కనపడింది. రోజూ పెట్టే జవాబే పెట్టబోయాను. చెయ్యి రాలేదు."

"సరే, నిజం రాశావు. మావయ్యా అని ఎందుకు?"

ఆ పిల్ల కాగితం బల్ల మీద పెట్టింది. తర్వాత చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"ఐదో తరగతిలో హాసినీ నేనూ ఒకే బెంచీ అండీ. వాళ్ళ నాన్నగారు స్కూలుకొస్తే పిల్లలంతా మావయ్యా మావయ్యా అని చుట్టూ చేరేవాళ్ళు. ఆయన బఠాణీలు పంచేవారు. ఒకరోజు నేనూ మావయ్యా అని చెయ్యి చాపాను. ఆయనేమీ అనలేదు, నవ్వి పెట్టారు. పక్కన ఎవరో 'జ్ఞానయ్య కూతురు వరస కలిపేసిందిరోయ్' అన్నారు. సాయంత్రానికి మా నాన్నకి తెలిసింది. వాళ్ళింటికెళ్ళి, చిన్నపిల్ల తెలియక అనేసింది, తప్పయిందండీ అని చెప్పొచ్చాడు. మళ్ళీ ఎప్పుడూ అనలేదండీ."

"మరి ఇప్పుడు అన్నావు కదా."

"ఇప్పుడు అన్నది నేను కాదు కదండీ, ఆఫీసు. ఆఫీసుకి ఏ వీధీ ఉండదు కదా. ఆయన అల్లుడూ అన్నారు. ఆదివారం భోజనానికి రమ్మన్నారు. అది చూస్తూ కూర్చుండిపోయానండీ. అందుకే తీసెయ్యడం ఆలస్యమైంది. వెంటనే తీసేస్తే ఇంత గొడవ అయ్యేది కాదు."

నలభై నిమిషాల లెక్క నాకు అప్పుడు తెలిసింది. నా నోట్‌బుక్‌లో ఆ నలభై నిమిషాల పక్కన 'నిర్లక్ష్యం' అని రాసి ఉంది.

"ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటానండీ. పిలిచే వరస నాకు లేదని నా చేత్తో సంతకం పెట్టి ప్రభుత్వానికి ఇవ్వలేను."

నాకు సిగ్గేసింది. అంత తెలివిగా కనిపెట్టాననుకున్న సాక్ష్యం ఏమిటో అప్పటిదాకా నేను చూడలేదు. పదేళ్ళ పిల్ల తరఫున తండ్రి చెప్పుకున్న క్షమాపణనే, ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసి, ఆ పిల్ల చేతే సంతకం పెట్టమంటున్నాను. అదీ ఆ ఇంట్లో భోంచేసి వచ్చి, నోట్లో తాంబూలం ఇంకా అవకుండానే.

కాగితం తీసుకుని ఆ వాక్యం కొట్టేశాను. 'సదరు ఫిర్యాదుదారును ఈ ఉద్యోగంలో చేరిన నాటి నుండి నేను ఎదురుగా ఎన్నడూ మావయ్యా అని పిలిచి ఎరుగను' అని రాశాను. నిస్సీ రెండుసార్లు చదివింది.

"ఇది నిజమేనండీ," అని సంతకం పెట్టింది.

నేను గొప్ప పనేమీ చేయలేదు. నిజం రాస్తే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, పాత ఫొటో పెట్టించినవాడి ఉద్యోగం ఉంటుంది. అలాంటి నిజం కోసం మళ్ళీ బస్సెక్కే ఓపిక నాకు లేదు. 'బయటి వ్యక్తి' అని రిపోర్టు ఇచ్చేశాను.

పెద్ద ఆఫీసరు గారికి తృప్తి కలగలేదు. మనిషి దొరక్కపోతే కనీసం నిబంధనలైనా ఉండాలన్నారు. ఈ మావయ్య గొడవ మళ్ళీ రాకుండా ఒక క్లాజు మీరే రాయండి చలపతిరావు గారూ అన్నారు. రాశాను. రాసేటప్పుడు ఏం చేస్తున్నానో నాకు బాగా తెలుసు. ఆ పిల్ల పెద్దయ్యాక ఒకే ఒక్కసారి దాటిన గుమ్మానికి నేను గడియ పెడుతున్నాను. రాయకపోతే ఇంకొకరు రాసేవారు. ఆ పిల్ల ఇంకోసారి దొరికితే నేను కూడా ఏమీ చేయలేను. ఇలా రెండు మూడు సమాధానాలు నాకు నేనే చెప్పుకున్నాను, ఒక్కటీ సరిగ్గా అతకలేదు.

సర్క్యులర్ అమలు చూడ్డానికి నెల తర్వాత మళ్ళీ ఆ ఆఫీసుకి వెళ్ళాను. పాస్‌వర్డ్ చీటీ తీసేశారు, కంప్యూటరు వెనక గోడ మీద ఇప్పుడు తొమ్మిది నిబంధనల కాగితం ఉంది. టైపు చేసి అంటించింది నిస్సీయే. హేమంత్ భోజనానికి వెళ్ళాడు, అంకమ్మరావు గట్ల మీదికి వెళ్ళాడు. నేను రిజిస్టరు చూస్తుంటే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పిచ్చేశ్వరరావు గారు.

"బావగారూ! వచ్చారని తెలిసి వచ్చాను. ఇంటికి రాకుండా వెళ్ళిపోదామనే?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చేను బాగుందన్నారు. పొట్ట మీద ఉంది, త్వరలో ఈనుతుందన్నారు. గోడ మీద నిబంధనలు చదివి, ఏడోదాని దగ్గర గట్టిగా నవ్వారు. "ఇది మా అల్లుడి కోసమేనా ఏంటండీ? ఇంతకీ మా అల్లుడెవరో తేలిందా? నా చేను నిలబెట్టినవాడు, ఒక్కపూట అన్నం పెట్టుకుందామంటే దొరకడే!"

"విచారణలో తేలలేదండీ," అన్నాను.

నిస్సీ కుర్చీలోంచి లేచి నిలబడింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల నా వైపు చూడలేదు.

"అల్లుడు కాదండీ. నేనే రాశాను."

పిచ్చేశ్వరరావు గారి నవ్వు ముఖం మీద ఉండగానే ఆగిపోయింది. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. ఒక్క క్షణం ఆ పిల్లని చూశారు, తర్వాత గోడని చూశారు.

"నువ్వా అమ్మా," అన్నారు. "జ్ఞానయ్య కూతురివి కదూ."

"అవునండీ."

"మంచిపని చేశావు. చాలా మంచిపని. ఇవాళ చేను నిలబడిందంటే నీ చలవే." కండువా సర్దుకున్నారు. "నాన్నకెలా ఉంది?"

"అలాగే ఉన్నాడండీ."

"అడిగానని చెప్పు." లేచారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. ఏదో మర్చిపోయినవాడిలా వెనక్కి తిరిగారు. నిస్సీ ఇంకా నిలబడే ఉంది.

"ఎప్పుడైనా ఇంటికి రామ్మా," అన్నారు.

"అలాగేనండీ," అంది.

ఆయన నా వైపు తిరిగారు. గొంతులోకి మళ్ళీ హుషారు వచ్చింది. "బావగారూ, మీరు మాత్రం ఆదివారం భోజనానికి రావాలి. మీ చెల్లెలు బొమ్మిడాయిల పులుసు పెడుతుంది. ఒంటిగంటకల్లా వచ్చెయ్యండి."

నిస్సీ కూర్చుని కంప్యూటరు వైపు తిరిగింది.

"ఆదివారం నాకు పనుందండీ," అన్నాను.

ఆదివారం నాకు ఏ పనీ లేదు.